నాలుగో నంబరు డ్రమ్ములు

రికార్డు కంపెనీల పెద్దలారా, ముందు మిమ్మల్ని నిలబెట్టి అడగాలి. ఆ జులపాల నలుగురూ స్టూడియోలో కూచుని పాడింది ఒక్కసారి. మీరు అమ్మింది ఎన్నిసార్లు? ఎల్పీ అన్నారు, జనం కొన్నారు. జేబులో పడుతుందని క్యాసెట్టు తెచ్చారు, కొన్నారు. గీత పడదని సీడీ తెచ్చారు. పడింది, అయినా కొన్నారు. ఆ తర్వాత సిగ్గు గట్టున పెట్టి, "పాతదానికి మురికి పట్టింది, కడిగి తెచ్చాం" అన్నారు. కడిగినదాన్ని రజతోత్సవానికి ఇస్త్రీ చేశారు, స్వర్ణోత్సవానికి గంజి పెట్టారు. ఒకే చొక్కాను ఉతికి ఉతికి ప్రతిసారీ కొత్తదని అమ్మితే బట్టలకొట్టువాణ్ణి వీధిలో నిలబెట్టి తంతారు. మీకు మాత్రం దండలు వేస్తారు. మీరు ఆ చివర కూచుని గల్లాపెట్టె సర్దుకుంటూ ఉంటే ఈ చివర కొంపలు ఎలా తగలడుతున్నాయో మీకేం తెలుసు? తగలడలేదు గానీ, ఒక కొంపకు ఫైరింజను మాత్రం వచ్చింది. ఆ కథ విని అప్పుడు మాట్లాడండి.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఎదుటివాళ్ళ ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? పోనీ, ఇదా?" అని రోజంతా అడగడమే వృత్తి. ఆ మాట నోటికి ఎంతగా పట్టేసిందంటే, ఇంట్లో టీ తాగేటప్పుడు కూడా "నిన్నటిది బాగుందా, ఇవాళ్టిదా?" అని తనను తానే అడుగుతాడు. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే అడిగాడని భార్య అంటుంది. అబద్ధమని ఆయన అంటాడు. ఎవరి పక్షమూ ఇక్కడ తేలదు.

ఇక ఆ ఆల్బం సంగతి. అట్ట మీద నడిసముద్రంలో తెరిచిన గొడుగొకటి తేలుతూ ఉంటుంది. అందుకని ఇంట్లో దాని పేరు గొడుగు. ఇంటి చివరిగది నిండా గొడుగే. మొదటి ముద్రణ గొడుగు, రెండో ముద్రణ గొడుగు, క్యాసెట్టు గొడుగు, సీడీ గొడుగు, కడిగిన గొడుగు, ఇస్త్రీ గొడుగు, గంజి గొడుగు. "వేరే పాటలు లేవా?" అని ఎవరైనా అడిగితే, "ఎందుకు లేవు, బయట బోలెడున్నాయి" అంటాడు.

ఆయన భార్య కోట్లు కుడుతుంది. చేతిలో పని ఉంది, గుమ్మంలో గిరాకీ ఉంది, లేనిదల్లా చోటు. ఆవిడ కుట్టుమిషను వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవలో ఇరుక్కుని ఉంటుంది. కొలతలకు వచ్చిన పెద్దమనుషులు ఫ్రిజ్జుకు వీపానించి, రెండు చేతులూ చాపి, ఎవరైనా స్నానానికి వెళ్తుంటే ముడుచుకుని మళ్ళీ చాపాలి. మొన్న ఒక లాయరుగారు కొత్త కోటు అద్దంలో చూసుకుందామని ఒక్కడుగు వెనక్కి వేసి, అంట్లతొట్టిలో కూచున్నారు. ఆ రోజు ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టి, మొగుణ్ణి పిలిచింది.

"ఆ గది నాకిచ్చెయ్యండి."

"మరి గొడుగు?"

"ఒకటుంచుకుని మిగతావి అటకెక్కించండి. అన్నీ ఒకటేగా!"

"ఒకటా? దేని ధ్వని దానిది! మొదటి ముద్రణలో డ్రమ్ములు గుండెల మీద పడతాయి. కడిగినదాంట్లో చాప మీద పడతాయి."

"నా చెవికి అన్నీ ఒకటే."

"నీకు కనపడకపోతే లేనట్టా?" కళ్ళజోళ్ళాయన దుకాణం గొంతుతో అన్నాడు.

"సరే. తెలిసినవాళ్ళనే ముగ్గుర్ని పిలవండి. ఏది ఏదో చూపించకుండా వినిపించండి. ముగ్గురూ ఒక్కదాన్నే బాగుందన్నారా, గది మీదే. జన్మలో అడగను. గెలిచినదాన్ని గదిలో పెట్టుకోండి, మిగతావి అటక మీదికి. ముగ్గురూ తలో మాటా చెప్పారా, సాయంత్రానికల్లా నా మిషను ఆ గదిలో ఉంటుంది."

ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మాత్రం దుకాణం గుర్తొచ్చింది. "మీకు కనబడుతోందనుకుంటున్నారు గానీ కనబడటం లేదండీ" అని ఎంతమందికి చెప్పలేదు తను! చెవుల విషయంలో తనకు ఆ మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెబితే గది ఒక్కటే కాదు, ఇన్నేళ్ళ నమ్మకం కూడా ఊడ్చుకుపోతుంది.

తర్వాతి సెలవురోజు పొద్దున ఆయన పథకం చాలా మామూలుది. టిఫిను తినాలి, గొడుగు వినాలి, గది గెలవాలి, భోజనానికి లేవాలి. నిశ్శబ్దం ఒక్కటే కావాలి. అందుకని ఫ్రిజ్జు ఆపాడు, గురగురమంటుందని. ఫ్యాను ఆపాడు. గోడగడియారాన్ని దించి, స్నానాలగదిలో తువ్వాలు చుట్టి పడుకోబెట్టాడు. కాలింగ్ బెల్లు తీగ సన్నగా మూలుగుతోందని అనుమానం వచ్చి దాన్నీ పీకేశాడు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ బిస్కట్లడబ్బాలో వేసి, డబ్బాను మంచం మీద దిండ్ల కింద పాతిపెట్టాడు. అందులో భార్య ఫోను కూడా పోయింది. హాలు గోడలకు బొంతలు కట్టాడు, కిటికీలకు దుప్పట్లు వేశాడు, వీధితలుపు సందుల్లో పాత రగ్గు కుక్కాడు. అదంతా అయ్యేసరికి ఇల్లు పత్తిబస్తా లోపలిలా తయారైంది.

తీర్పరులు ముగ్గురు. ఒకరు పళ్ళ డాక్టరు, దుకాణం పక్కనే ఆయన క్లినిక్కు. రెండోవారు రేడియో బాబాయి. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివినవాడు, ఇప్పటికీ ఉప్పు అందించమని వార్త చదివినట్టే అడుగుతాడు. మూడోవారు వియ్యంకుడుగారు. ఆయనకు పాటల గురించి ఏమీ తెలియదు. కానీ ఇద్దరిని పిలిచి వియ్యంకుణ్ణి పిలవకపోతే కూతురి అత్తగారింట్లో ఎన్నాళ్ళు మాటపడాలో ఎవరు చెప్పగలరు? ముగ్గురూ పెందలాడే వచ్చేశారు.

వాళ్ళకు టీలిచ్చి భార్య బయల్దేరింది. రెండు కోట్లు భుజాన, పెద్ద సంచీ చేతిలో. కుట్టినవి ఇచ్చి రావాలి. మెట్ల మీద కింది అంతస్తు హెడ్మిస్ట్రెస్ ఎదురైంది. ఉద్యోగం మానినా చేతికర్ర పట్టుకున్న తీరులో బెత్తం పట్టు పోలేదు ఆవిడకు. అప్పుడే పాలు తెచ్చుకుంటూ వస్తోంది, పైకి ఎవరు వెళ్ళారో చూడలేదు.

"ఏమ్మా, పొద్దున్నే ఇంత సామానుతో ఎక్కడికి?"

"పోతున్నా మేడమ్. ఎన్నాళ్ళని సర్దుకుంటాను చెప్పండి? ఆ ఇంట్లో నాకు నిలబడే చోటు లేదు. అటో ఇటో ఇవాళ తేలిపోవాలి."

"మరి ఆయనేమంటారు?"

"ఏమంటారు! తలుపులన్నీ బిగించుకుని, ఆ పాటే లోకమని కూచున్నారు. రానివ్వండి ఏదొస్తే అది."

ఆవిడ మామూలుగానే అంది. హెడ్మిస్ట్రెస్ మామూలుగా వినలేదు. సంచీ వంక చూసింది, భుజాన మగకోట్ల వంక చూసింది. కోపంలో మొగుడి బట్టలు కూడా పట్టుకుపోతోంది పాపం, అనుకుంది. పాలు స్టవ్ మీద పెట్టింది గానీ చెవి పై అంతస్తు మీదే పెట్టింది.

పైన కళ్ళజోళ్ళాయన దుకాణం నుంచి తెచ్చిన నల్లటి కంటిగుడ్డలు పంచుతున్నాడు. ఆపరేషనయిన కంటికి కడతారే, అవి. తలో రెండు.

"మీరూ కట్టుకుంటారేం బావగారూ? మీరు పరీక్ష పెట్టేవారు కదా?" అన్నాడు వియ్యంకుడు.

"అందుకే కట్టుకోవాలండీ. అడిగేవాడికి జవాబు తెలిస్తే గొంతులోనే బయటపడిపోతుంది. నేను కాస్త రాగం తీసి 'ఇదా?' అన్నానంటే, మా దుకాణంలో గోడ అవతల మనిషి కూడా 'అదే' అంటాడు."

హాలు మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. దాని వెనక పెట్టెలూ, రికార్డులూ, బావమరిదీ. బావమరిదికి ఇంట్లో పేరు నిదానం. నిలకడ మనిషి. వేలు తెగితే కట్టు కట్టేముందు గుడ్డ ఉతుకుతాడు.

"నాలుగు రకాలు పెట్టాలి. ఏది ఏ నంబరో నీ ఇష్టం, నాకు చెప్పకు. మూడో పాట మొదట్లో డ్రమ్ములొస్తాయే, అంతవరకే. కేక పడగానే ఆపెయ్యి. ప్రతిదాన్నీ పెట్టేముందు అద్దాలు తుడిచే మెత్తగుడ్డతో తుడువు. ఇల్లు కూలినా నోరు విప్పకు. నీ గొంతు వినిపిస్తే పరీక్ష చెడిపోతుంది."

"విప్పను బావా."

"ఇప్పుడే విప్పావు."

నలుగురూ సోఫాలో వరసగా కూచుని కళ్ళు కట్టుకున్నారు. డ్రమ్ములు మొదలయ్యాయి. ధన్ ధన్ ధనాధన్, కేక, బంద్. మళ్ళీ ధన్ ధన్ ధనాధన్, కేక, బంద్.

"ఇది బాగుందా? పోనీ, ఇదా?"

"ఒకటో దాంట్లో పైశబ్దం జివ్వుమంటోంది," అన్నాడు పళ్ళ డాక్టరు. "నరానికి తగిలింది. అసలైన ధ్వనంటే అదీ."

"రెండోవాడు ముక్కుతో పాడుతున్నాడు," అన్నాడు రేడియో బాబాయి. "మా రేడియోలో ఇలాంటివాణ్ణి వాతావరణం కూడా చదవనిచ్చేవాళ్ళం కాదు."

"పాట ఇంకా మొదలవలేదు బాబాయ్. అవి డ్రమ్ములు."

"ఏవైతేనేంరా, ముక్కుతో కొడుతున్నాడు."

"మీరేమంటారు బావగారూ?"

"రెండూ బాగున్నాయండీ," అన్నాడు వియ్యంకుడు.

"ఏదో ఒకటి చెప్పాలండీ."

"మీకు ఏది బాగుంటే మాకూ అదేనండీ. మన రెండిళ్ళ మధ్య తేడా ఏముంది?"

వియ్యంకుణ్ణి గదమాయించలేక కళ్ళజోళ్ళాయన పళ్ళు నూరుకున్నాడు. మూడో నంబరు వచ్చింది. బాబాయి మూడే అన్నాడు. డాక్టరు ఒకటే అన్నాడు. మళ్ళీ ఒకటి పెట్టించారు, మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. "పిప్పిపన్నులా డొల్లగా ఉంది మీ మూడు" అని ఈయన. "నోట్లో యంత్రం పెట్టి గిర్రున తిప్పితే చెవులు పోక ఏమవుతాయి" అని ఆయన. గుడ్డకళ్ళతో ఒకరు ఉత్తరానికీ ఒకరు దక్షిణానికీ తిరిగి పోట్లాడుకుంటుంటే, కళ్ళజోళ్ళాయనకు చివరిగదిలో కుట్టుమిషను టకటకలు అప్పుడే వినిపించసాగాయి. మూడో తీర్పరి వైపు నుంచి సన్నగా గురక కూడా వినిపిస్తోంది. వియ్యంకుడుగారి గురక కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

కింద హెడ్మిస్ట్రెస్ పాలు పొంగిపోయాయి. ఆవిడ చూడలేదు. పైన అదే ధనాధన్, అదే కేక, అక్కడే ఆగడం, మళ్ళీ అదే ధనాధన్. సూది ఇరుక్కుంది! పోనీ ఇరుక్కుంటే ఇరుక్కుంది అనుకోవడానికి ఆవిడకు పైఇంటాయన తెలియనివాడు కాదు. ఆయన స్నానం చేస్తుండగా ఒకసారి సూది ఇలాగే ఇరుక్కుంటే, ఒళ్ళంతా సబ్బుతో పరుగెత్తుకొచ్చి రికార్డు కాపాడి, ఆ జారుడుకు మూడు వారాలు మంచం మీద ఉన్న మనిషి. ఆవిడ తర్కంలో వంక పెట్టడానికి లేదు. ఆ సూది రెండుసార్లు ఒకేచోట తిరిగితే ఆ మనిషికి ఊపిరాడదు. ఇన్నిసార్లు తిరిగిందీ అంటే ఊపిరి లేనట్టే.

కర్ర పుచ్చుకుని పైకెక్కింది. బెల్లు నొక్కింది, మోగలేదు. తలుపు తట్టింది, పలకలేదు. ఆయనకు ఫోను చేసింది, ఎత్తలేదు. భార్యకు చేసింది, ఎత్తలేదు. అంటే ఆవిడ అలిగి వెళ్ళింది, ఈయన మనసు విరిగి పడిపోయాడు, పాట మాత్రం తిరుగుతోంది. హెడ్మిస్ట్రెస్ ఫైరింజనుకు ఫోను చేసింది. "ఇంట్లో మంటలా అమ్మా?" అని వాళ్ళడిగితే, "మంటలు కావు నాయనా, సంసారం" అంది.

ఫైరింజను బయల్దేరింది. దానికంటే ముందు ఆఫీసరు జీపులో వచ్చేశాడు. పెద్ద హెల్మెట్టు, పెద్ద మీసం ఉన్న ఆఫీసరు తలుపుకు చెవి ఆనించాడు. సరిగ్గా అప్పుడే లోపల పాట ఆగింది.

"ఆగిపోయింది," అన్నాడు ఆఫీసరు.

"అయ్యో, అదీ ఆగిందా!" అంది హెడ్మిస్ట్రెస్. "మీవాళ్ళు రాగానే కొట్టండి నాయనా, కొట్టండి!"

లోపల కళ్ళజోళ్ళాయన ఆఖరి ఆశతో, "ఇక నాలుగో నంబరు," అని ప్రకటించాడు. "అందరూ ఊపిరి బిగబట్టి వినండి. గొడవ వద్దు."

దుప్పటి వెనక చిన్న కదలిక. ఆ తర్వాత నిశ్శబ్దం. బొంతల మధ్య, రగ్గుల మధ్య, చీమ నడిస్తే వినిపించే నిశ్శబ్దం. అందులోంచి ఎక్కడో దూరాన సన్నటి ఊళ లాంటిదొకటి తేలి, అలా అలా పెరిగి, ఇంటి చుట్టూ తిరిగి ఆగింది.

"ఇదేమిటి!" డాక్టరు గుసగుసలాడాడు. "ఈ వాద్యం ఇంతకుముందు లేదే?"

"ఉండే ఉంటుంది," అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఒంటిమీద రోమాలు లేచాయి. "పాతవాటిల్లో నొక్కేశారు. ఇన్నేళ్ళూ మన నోరు కొట్టారు దొంగవెధవలు!"

ధన్!

ముగ్గురూ సోఫాలో ఎగిరారు. నాలుగోవాడైన వియ్యంకుడు నిద్రలోంచి ఎగిరాడు.

ధన్! ధన్! ధనాధన్!

"ఆహా!" అన్నాడు రేడియో బాబాయి. "ఇదిరా డ్రమ్ములంటే! ముక్కు లేదు, ఏమీ లేదు. రొమ్ము మీద గుద్దినట్టు!"

"దూరం చూడండి, దూరం!" అన్నాడు డాక్టరు. "కొట్టేవాడు కుడివైపు, ఆ వీధితలుపు ఉన్న చోట నిలబడి కొడుతున్నట్టు లేదూ?"

"అచ్చంగా అక్కడే!" కళ్ళజోళ్ళాయన కంటిగుడ్డలు తడిశాయి. "సోఫా కూడా కదులుతోంది! ఆహాహా!"

తలుపు అవతల ఆఫీసరు చెయ్యెత్తి తనవాళ్ళను ఆపాడు. "మూలుగు వినిపించింది. ఇంకా ప్రాణం ఉంది. గట్టిగా కొట్టండ్రా!"

వాళ్ళు గట్టిగా కొట్టారు. లోపల ఆహాకారాలు పెరిగాయి. ప్రాణం పోయే మూలుగులనుకుని బయటివాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. వీళ్ళు ఇంకా పెద్దగా మూలిగారు. నడుమ హెడ్మిస్ట్రెస్ గొంతు చించుకుని అరిచిన అరుపొకటి రగ్గుల్లోంచి వడగట్టుకుని లోపలికి వచ్చింది.

"పాట మొదలైంది," అన్నాడు బాబాయి పరవశంగా. "ఈ ఎడిషన్లో గొంతుకు కూడా ఎంత పదును పెట్టారో! ఒక్క ముక్క అర్థం కావట్లేదు. పాతవాటిల్లోనూ అయ్యేది కాదనుకో."

ఇంతకంటే మంచి సమయం దొరకదని కళ్ళజోళ్ళాయనకు తెలిసిపోయింది. "ఒకరి మాట విని ఒకరు చెప్పకండి! నేను మూడు లెక్కపెడతాను. అయ్యాక ముగ్గురూ ఒక్కసారే నంబరు చెప్పాలి. ఒకటి, రెండు, మూడు..."

"నాలుగు!" అని ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. వియ్యంకుడు అందరికంటే గట్టిగా అరిచాడు.

తలుపు ఊడి నిలువునా హాల్లో పడింది.

"ఆ ముగింపు దెబ్బ!" అని రేడియో బాబాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. డాక్టరూ లేచాడు. వియ్యంకుడు, అందరూ లేచారు గనక, తనూ లేచాడు. బూట్లతో లోపలికి దూకిన ఆఫీసరుకు ఎదురుగా, చీకటి హాల్లో, రెండేసి కళ్ళకూ నల్లగుడ్డలు కట్టుకుని, చెమటలు కక్కుతూ చప్పట్లు కొడుతున్న నలుగురు పెద్దమనుషులు కనిపించారు. ఆయన నౌకరీలో ఎన్నో చూశాడు. ఇది చూడలేదు.

"ఎవరూ కదలకండి!" అన్నాడు. "మీ కళ్ళకేమైంది?"

"ఈ గొంతు విన్నావురా?" అన్నాడు బాబాయి చప్పట్లు ఆపకుండా. "పక్కనే నిలబడి మాట్లాడుతున్నట్టుంది!"

ఆఫీసరు ఆయన భుజం పట్టుకుని గుడ్డ పైకి లాగాడు. బాబాయి మీసాన్నీ హెల్మెట్టునూ చూశాడు. ఆయన వెనక ఉండాల్సిన తలుపు లేకపోవడం చూశాడు. జీవితంలో మొదటిసారి వార్త చదవలేకపోయాడు.

"ఇందులో పోయిందెవరు?" అన్నాడు ఆఫీసరు.

"ఈయనే," అని హెడ్మిస్ట్రెస్ కర్రతో కళ్ళజోళ్ళాయనను చూపించింది.

"లేచి నిలబడ్డాడుగా!"

"అదే నాకూ అర్థం కావట్లేదు." ఆవిడ ఒక్కక్షణం గుండె మీద చెయ్యేసుకుంది. మరుక్షణం ఆ చెయ్యే కర్ర మీదికి పోయింది. "బతికున్నవాడివి బతికున్నట్టు తలుపు తియ్యొద్దా? ఇంత వయసొచ్చింది, తలుపు కొడితే తియ్యాలని ఎవరూ నేర్పలేదా నీకు?"

కళ్ళజోళ్ళాయనకు అవేమీ ఎక్కడం లేదు. ఒక కంటిగుడ్డ నుదుటి మీదికి తోసుకుని, ఒంటికంటితో, అందరి ముఖాల్లోకీ గర్వంగా చూశాడు. "మేడమ్, తర్వాత ఎన్నైనా తిట్టండి. ఇప్పుడు మీరందరూ సాక్ష్యం. ముగ్గురూ ఒక్కటే అన్నారు! నాలుగు! తేడా ఉందని రుజువైపోయింది!"

అప్పుడు దుప్పటి పైనుంచి బావమరిది తల లేచింది. చేతిలో మెత్తగుడ్డ, రెండో చేతిలో అద్దంలా మెరిసిపోతున్న రికార్డు.

"నాలుగోది తుడవడం అయింది బావా," అన్నాడు నిదానంగా. "పెట్టమంటావా?"

నలుగురి చూపులూ రికార్డు మీది నుంచి మెల్లగా దిగి, నేల మీద వెల్లకిలా పడున్న తలుపు మీద వాలాయి.

"ఇంతసేపూ... ఏమీ పెట్టలేదా?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"దీని మీద ఒక వేలిముద్ర పోలేదు బావా. ఆ బాదుడు వింటే, మీరే ఉత్సాహం పట్టలేక బల్ల కొడుతున్నారనుకున్నా. ఇల్లు కూలినా నోరు విప్పొద్దన్నావుగా!"

మెట్ల మీద పరుగు వినిపించింది. కింద ఫైరింజను చూసి, చెప్పులు కూడా వదిలేసి వచ్చింది భార్య. "ఏమండీ!" అని కేకేసి, అందరినీ తోసుకుని, మొగుడి తలా భుజాలూ తడిమి, అన్నీ ఉన్నాయని తేలాక సోఫా చేతిమీద కూలబడింది. ఎవరో మంచినీళ్ళిచ్చారు. తాగింది. జరిగింది తలా ఒక ముక్క చెప్పారు. విన్నది. నవ్వలేదు. అందుకే ఆయనకు భయం వేసింది.

"అయితే రికార్డుకూ రికార్డుకూ తేడా తెలియలేదన్నమాట," అంది.

కళ్ళజోళ్ళాయన ముందుకొచ్చాడు. చేతిలోంచి గది జారిపోతుంటే మనిషి ఏ గడ్డిపోచనైనా పట్టుకుంటాడు. "మాటంటే మాటే! ముగ్గురూ ఒక్కదాన్నే అంటే గది నాదన్నావు. అన్నారు. కావాలంటే వాళ్ళనే అడుగు."

"ఒకటి, రెండు, మూడు అన్నాక ఎవరైనా నాలుగే అంటారండీ."

ఈ మాటకు రేడియో బాబాయికి రోషం వచ్చింది. తప్పయిందని ఒప్పుకునే అలవాటు ఆయనకు ఉద్యోగంలోనూ లేదు. "చూడమ్మా, మేము లెక్కపెట్టి చెప్పలేదు, విని చెప్పాం. నాలుగే బాగుంది. ఇప్పుడడిగినా నాలుగే."

"స్పష్టతలో దానికి సాటి లేదు," అన్నాడు డాక్టరు, గుడ్డ మడతపెడుతూ.

"మీరెలా అంటే అలాగే," అన్నాడు వియ్యంకుడు.

భార్య ముగ్గురినీ చూసింది. మొగుణ్ణి చూసింది. తలుపును ఈ కొస నుంచి ఆ కొసదాకా, కోటుగుడ్డ కొలిచినట్టు కళ్ళతోనే కొలిచింది. అప్పుడు మాత్రం పెదవి చివర కాస్త కదిలింది.

"సరే. ఒప్పుకున్నా. గది మీదే."

"నిజంగా?"

"నిజంగానే. గెలిచినదాన్ని గదిలో పెట్టుకోమన్నాను, మిగతావి అటకెక్కించమన్నాను. అంతేకదా మాట?"

"అంతే, అంతే."

"ఆఫీసరుగారూ, కాస్త శ్రమనుకోకుండా ఆ నాలుగో నంబరును చివరిగదిలో పెట్టిస్తారా?"

ఆఫీసరు ఒక్కక్షణం మీసం దువ్వి, తనవాళ్ళకు సైగ చేశాడు. కళ్ళజోళ్ళాయన పక్కకు జరిగి తలుపుకు దారిచ్చాడు. తీర్పు ఆయన పిలిపించుకున్నవాళ్ళదే, షరతు ఆయన ఒప్పుకున్నదే. గొడుగులన్నీ అటకెక్కాయి. ఖాళీ అయిన రెండు బీరువాలూ నడుమెత్తు ఉన్నాయి. వాటిని ఎడంగా జరిపి, మీద తలుపు పరిచారు. నిలువెత్తు తలుపు, గట్టి చెక్క, ఒక్క వంకర లేదు. గొళ్ళెం ఉన్నచోట ఆవిడ సూదులదిండు సరిగ్గా సరిపోయింది. హాలు మధ్య కట్టిన దుప్పటిని తెచ్చి మూలకు కట్టిస్తే కోట్లు మార్చుకునే చాటు తయారైంది. సాయంత్రం లాయరుగారు వచ్చి, చేతులు చాపి, వెనక్కి రెండడుగులు వేసి, ఎక్కడా కూచోకుండా తిరిగి వెళ్ళారు.

కళ్ళజోళ్ళాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆవిడ తలుపు మీద బట్ట పరిచి, సుద్దతో గీసి, కత్తెర ఆడించింది. కరకరమని కత్తెర, దాని కింద చెక్క చేసే మంద్రమైన ధ్వని.

"ఎలా ఉంది?" అంది ఆవిడ తలెత్తకుండా.

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. అబద్ధమాడలేకపోయాడు. "లోతుంది," అన్నాడు.

కాబట్టి కంపెనీల పెద్దలారా, ఆ గొడుగును ఇంకోసారి కడిగి, ఇంకో అట్టలో పెట్టి అమ్మే ఆలోచన ఉంటే ఇక్కడితో ఆపండి. ఆ ఇంటి గుమ్మానికి ఇవాళ్టికీ రగ్గు వేలాడుతోంది, వచ్చేపోయేవాళ్ళు రగ్గు మీదే తడుతున్నారు, ఎవరికీ వినబడటం లేదు. మీకు ఏమాత్రం సిగ్గున్నా వెంటనే ఆ ఇంటికి ఒక కొత్త తలుపు పంపండి. పాతది పనిలో ఉంది.